సంఖ్యాకాండం 7వ అధ్యాయం దగ్గర ఆగిపోయాను. ఇలాంటి భాగాలను ఎలా ధ్యానించాలి?

ఒలీవ కొమ్మ:
అందరికీ వందనాలు. ఏడాదిలో బైబిలు పూర్తిచేసే పట్టిక ప్రకారం రోజూ మూడు, నాలుగు అధ్యాయాలు చదువుతున్నాను. సువార్తలు, కీర్తనలు చదివితే మనసు కరుగుతుంది, ప్రార్థన దానంతట అదే వస్తుంది. ఇప్పుడు సంఖ్యాకాండం 7కు వచ్చాను. 89 వచనాలు. ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల ప్రధానులు పన్నెండు రోజులు తెచ్చిన అర్పణలన్నీ ఒకటే: 130 తులాల వెండి గిన్నె, 70 తులాల ప్రోక్షణపాత్ర, 10 తులాల బంగారు ధూపార్తి. కళ్లు చదువుతున్నాయి, హృదయం కదలడం లేదు. వీటిని వదిలేసి, నన్ను తాకే భాగాలే ధ్యానించవచ్చా? ఏమీ అనిపించకపోవడం విశ్వాసం చల్లారిందనడానికి గుర్తా?

ఉదయకాంతి:
వదలకండి సహోదరీ! నాకు ప్రాణమైన అధ్యాయాల్లో ఇదొకటి. మొత్తం లెక్క 84వ వచనం నుంచి ఎలాగూ ఉంది. అదొక్కటే రాసి ఊరుకోవచ్చు. కానీ అంతకుముందే ఒక్కొక్కరికీ ఆరేసి వచనాలు, మొదటి రోజు వచ్చిన నయస్సోనుకూ, చివరి రోజు వచ్చిన అహీరకూ. 1వ అధ్యాయంలోని జనసంఖ్యను పక్కన పెట్టుకొని చూడండి. యూదా గోత్రంలో యుద్ధానికి వెళ్లగలవారు 74,600 మంది, మనష్షేలో 32,200. సగం కూడా లేరు. అయినా ఎనిమిదో రోజు మనష్షే ప్రధాని గమలీయేలు వచ్చినప్పుడు అతని పేరు, తండ్రి పేరు, గిన్నె బరువు, కోడె, పొట్టేలు, ఏదీ విడిచిపెట్టలేదు. "వెనకటివాళ్లలాగే ఇతనూ తెచ్చాడు" అని తేల్చేయలేదు. నా ప్రార్థన కూడా అందరి ప్రార్థనలాంటిదే కదా, దేవుడు దాన్ని విడిగా వింటాడా అని మనసు కుంగినప్పుడల్లా నేను ఈ పేజీ తెరుస్తాను.

చివరి వచనం మాత్రం తొందరగా దాటకండి. అర్పణల జాబితా అంతా ముగిశాక మోషే దేవునితో మాట్లాడే ప్రత్యక్షపు గుడారంలోకి వెళ్తాడు. మందసపు మూత అయిన కరుణాపీఠం మీద, రెక్కలున్న రెండు కెరూబుల రూపాల నడుమ నుంచి తనతో మాట్లాడే స్వరం వింటాడు. 88వ వచనం దగ్గర విసిగి పుస్తకం మూసేసినవారికి అది దొరకదు.

బేతనియ:
పై మాటతో ఏకీభవిస్తాను, కానీ పట్టిక విషయంలో ఒకటి చెప్పాలి. 1842లో స్కాట్లండ్‌లోని డండీలో రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ అనే కాపరి తన సంఘం కోసం ఇలాంటి పఠన పట్టిక తయారుచేశారు. ఇప్పటికీ ఎందరో వాడుతున్నారు. మొక్కుబడి చదువు, స్వనీతి, అజాగ్రత్త, కొందరికి మోయలేని కాడిగా మారడం వంటి ప్రమాదాలను ఆయనే అందులో ముందుగా హెచ్చరించారు. కాబట్టి రోజుకు ఒకటి రెండు అధ్యాయాలే చదివి, ఏడాదిని రెండేళ్లు చేసుకోండి. ఎవరూ లెక్క అడగరు.

నీటి ఊట:
మీ రెండో ప్రశ్న గురించి. పరిచయం లేని భాగం విసుగు పుట్టించడం వేరు, విశ్వాసం చల్లారడం వేరు. సువార్తలు చదివితే ప్రార్థన వస్తోందని మీరే రాశారు. ఒకవేళ అది కూడా ఆగిన రోజు వస్తే 88వ కీర్తన చదవండి. విలాప కీర్తనలు చాలావరకు స్తుతివైపు మళ్లుతాయి, ఇది మళ్లదు, చీకటిలోనే ముగుస్తుంది. అయినా ఆ గాయకుడు రాత్రింబవళ్లు మొరపెడుతూనే ఉన్నాడు, మొదటి వచనంలో దేవుణ్ణి తన రక్షణకర్త అనే పిలిచాడు. ఆ రోజుల్లో సొంత మాటల కోసం వెతుక్కోనక్కర్లేదు. ఆయన మాటలనే పైకి చదవండి, అదే ప్రార్థన.

ఒలీవ కొమ్మ:
ముగ్గురికీ వందనాలు. గమలీయేలు వచనాలను ఈసారి పైకి, నెమ్మదిగా చదివాను. పట్టికను రెండేళ్లకు మార్చుకుంటున్నాను. ఉదయకాంతి గారూ, 89వ వచనంలోని స్వరం 8వ అధ్యాయంలో దీపాల గురించి చెప్పిన మాటలకు కొనసాగింపేనా? రెండూ కలిపి ధ్యానించాలా?

ఉదయకాంతి:
కలిపే చదవండి. నేనూ అలాగే చదువుతాను. అక్కడ స్వరం విన్న వెంటనే, ఇక్కడ ఏడు దీపాలు దీపవృక్షం ముందు వెలుగివ్వాలని ఆజ్ఞ వస్తుంది. మీరు ఏం గమనించారో రాయండి.