‘ఆర్’ ప్రమేయంలో ఆ వర్గమూలం ఎక్కడి నుంచి వచ్చింది?

బ్రాడీపేట విద్యార్థి (గుంటూరు):
ఎంటెక్ సెమినార్ కోసం బూలియన్ ప్రమేయాలకు (0, 1 విలువలే ఉండేవి) బహుపదులతో ఉజ్జాయింపు గురించి చదువుతున్నాను. చలరాశుల్లో ఒక్కటైనా 1 అయితే 1, అన్నీ 0 అయితే 0 ఇచ్చేది ‘ఆర్’. ఎన్ చలరాశుల ‘ఆర్’ను ఉన్నదున్నట్టు రాస్తే బహుపది పరిమాణం (డిగ్రీ) ఎన్. ప్రతి చోటా 1/3 వరకు దోషాన్ని ఒప్పుకుంటే ఎన్ వర్గమూలం స్థాయి పరిమాణం చాలని, అంతకంటే తగ్గదని నిసాన్, సెగెడీ నిరూపించారు. నిరూపణలో ప్రతి పంక్తీ అర్థమైంది కానీ, ఆ వర్గమూలం మాత్రం మనసుకు ఎక్కడం లేదు. మీకు ఎలా పట్టుబడింది?

కృష్ణలంక (విజయవాడ):
నేను ప్రకాశం బ్యారేజీ 70 గేట్లనే చలరాశులుగా పెట్టుకున్నాను. ఒక్క గేటైనా తెరిచి ఉందా? అదే ‘ఆర్’. ఏ గేటన్నది కాదు, ఎన్ని గేట్లన్నదే లెక్క. గేట్లను అన్ని రకాలుగా తారుమారు చేసి సగటు తీస్తే 70 చలరాశుల బహుపది కాస్తా ఒకే చలరాశిలోకి దిగుతుంది, పరిమాణం పెరగదు. 1969లో మిన్‌స్కీ, పాపర్ట్ వాడిన కిటుకు ఇది.

పాఠాలు చెప్పే అమ్మ (గుంటూరు):
బాబూ, ముందు 3 గేట్లతో మొదలుపెట్టండి. తెరిచినవి ‘క’ అనుకుంటే (క+1)/3 సరిపోతుంది. విలువలు 1/3, 2/3, 1, 4/3. కావలసినవి 0, 1, 1, 1. దోషం ఎక్కడా 1/3 దాటలేదు. నాలుగో గేటు చేరిందంటే సరళరేఖ పని అయిపోయినట్టే. 0 నుంచి 1కి వచ్చేసరికే కనీసం 1/3 ఎక్కాలి, ఆ వాలు ఇక తగ్గదు, 4 దగ్గర 5/3 తాకుతుంది.

ఇప్పుడు వర్గ బహుపది: 1/3 + క(11−క)/30. సున్న దగ్గర 1/3, ఒకటి దగ్గర 2/3, అయిదు, ఆరు దగ్గర 4/3, పది దగ్గర మళ్ళీ 2/3. పరిమాణం 1తో 3 గేట్లు, 2తో ఏకంగా 10! నాకు కళ్ళు తెరుచుకున్నది ఇక్కడే. మొదటి అడుగులో గభాలున ఎక్కాలి, ఆపైన హద్దులో అణిగి ఉండాలి. చెబిషెవ్ బహుపదుల స్వభావమే అది. అంచు దగ్గర వాటి వాలు పరిమాణం వర్గమంత ఉంటుంది, అంతకు మించి, హద్దులో అణిగి ఉండే అదే పరిమాణపు ఏ బహుపదికీ సాధ్యం కాదని మార్కోవ్ అసమానత చెబుతుంది. అంటే గేట్లు పరిమాణం వర్గం స్థాయి దాకా వెళ్తాయి. ఆ వర్గాన్ని తిరగేస్తే మీ వర్గమూలం.

కృష్ణలంక:
చాలా బాగా చెప్పారు మేడం. అయితే సరి-బేసి ప్రమేయానికి (తెరిచిన గేట్లు బేసి సంఖ్యలో ఉంటే 1, సరి అయితే 0) ఈ వెసులుబాటు లేదు. అది అడుగడుగునా పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి పరిమాణం ఎన్ కావలసిందే.

బెంజి సర్కిల్ (విజయవాడ):
సెమినార్‌లో క్వాంటమ్ సంగతి వదలకండి. చలరాశుల విలువల గురించి టి ప్రశ్నలు వేసే క్వాంటమ్ అల్గారిథం విజయ సంభావ్యత 2టి పరిమాణం మించని బహుపది అని 1998లో బీల్స్ బృందం చూపింది. 1996 నాటి గ్రోవర్ అన్వేషణ (ఎన్ చోట్లలో కావలసినదాన్ని వెతికే క్వాంటమ్ అల్గారిథం) ఎన్ వర్గమూలం కంటే వేగంగా ఎందుకు సాగదో దీనితోనే తేలిపోతుంది.

బ్రాడీపేట విద్యార్థి:
మేడం, మీ సూత్రంలో 11వ గేటు కూడా వేసి చూశాను. విలువ మళ్ళీ 1/3కి పడిపోయింది! విజయవాడ రైల్లో నోటు పుస్తకం తీసి, పరిమాణం 3తో ఎన్ని గేట్ల దాకా వెళ్ళవచ్చో వేస్తూ కూర్చున్నాను.