ఆరోగ్య బీమా పాలసీ మారింది, దగ్గుకు యాంటీబయాటిక్ రాయడం మానేశారు. ఎందుకు?

సుజాత:
పాత పాలసీలో చూసినప్పుడల్లా డాక్టరుకు ఫీజు ముట్టేది. దగ్గు, జలుబు అని వెళ్తే అజిత్రోమైసిన్ రాసేవారు. ఇప్పటి పాలసీలో మనిషికి ఇంత అని ఏడాదికి ఒకేసారి క్లినిక్‌కు చెల్లిస్తారట. మొన్న అదే దగ్గుతో వెళ్తే ఛాతీ విని, "వైరస్ దగ్గు, మూడు వారాలు పట్టవచ్చు" అని ఉత్త చేతులతో పంపారు. ఇది వైద్యమేనా, ఖర్చు మిగుల్చుకునే ఎత్తా?

పాత స్టెతస్కోపు:
రెండు పద్ధతుల్లోనూ పనిచేసిన డాక్టరును. మీకు చెప్పింది సరైన వైద్యమే. ఇలాంటి దగ్గుల్లో అధికభాగం వైరస్‌వే, వాటిని యాంటీబయాటిక్ ఏమీ చేయదు.

ఇక లెక్క సంగతి. చూసినదానికల్లా ఫీజు వచ్చే చోట చీటీ రాయడం అర నిమిషం పని, అక్కర లేదని ఒప్పించడానికి పది నిమిషాలు. బయట జనం. మందు రాయకపోతే ఈ మనిషి ఇంకో డాక్టరును వెతుక్కుంటారన్న బెంగ ఒకటి. చాలాసార్లు చీటీయే గెలుస్తుంది.

అలాగని ఏకమొత్తం పద్ధతి తక్కువేమీ తినలేదు. అక్కడ రోగి మళ్ళీ వస్తే క్లినిక్‌కే ఖర్చు. "ఎందుకైనా మంచిది, ఒక కోర్సు రాసేయండి, మళ్ళీ రారు" అన్న మాట నేను ఎక్కువగా విన్నది అక్కడే.

రోగి చేత కొంత కట్టిస్తేనో? అమెరికాలో 1970లలో మొదలైన ర్యాండ్ బీమా ప్రయోగంలో, వైద్యం ఉచితంగా అందినవారు కొంత కట్టినవారికంటే 85 శాతం ఎక్కువ యాంటీబయాటిక్స్ వాడారు. కానీ కట్టవలసి వచ్చినవారిలో అనవసరపు వాడకంతోపాటు అవసరమైనదీ దాదాపు అంతే తగ్గింది. జేబుకు బాక్టీరియా ఏదో, వైరస్ ఏదో తెలియదు కదా!

నన్నడిగితే జపాన్ చేసిన పని మేలు. జలుబుతో వచ్చిన పసిపిల్లలను పరీక్షించి, యాంటీబయాటిక్ ఎందుకు వద్దో తల్లిదండ్రులకు వివరించి, రాయకుండా పంపితే, అర్హతగల క్లినిక్‌లకు 800 యెన్లు అదనంగా ఇచ్చేలా 2018లో బీమా నిబంధన తెచ్చారు. ఆ పది నిమిషాలకు ధర కట్టారన్నమాట.

మందుల కౌంటర్:
డాక్టరే మందులు అమ్ముకునే చోట్లను మరిచారు. దక్షిణ కొరియాలో 2000లో రాసేవారిని, అమ్మేవారిని విడదీశాక వైరస్ జబ్బులకు యాంటీబయాటిక్స్ రాయడం తగ్గింది. తగ్గిందంతే, పోలేదు.

సుజాత:
సరే, మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలి?

పాత స్టెతస్కోపు:
ఆయాసం, ఛాతీలో నొప్పి, కఫంలో రక్తం, తగ్గిన జ్వరం తిరగబెట్టడం: వీటిలో ఏది కనిపించినా వెంటనే. మూడు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే అప్పుడూ వెళ్ళండి. కఫం పచ్చగా ఉన్నంత మాత్రాన బాక్టీరియా అని కాదు. మళ్ళీ వెళ్తే మీరేమైనా కట్టాలేమో పాలసీలో ఇప్పుడే చూసుకోండి.