పాయింటు మోటార్లకి కరెంటు పట్టాల వైర్ల నుంచే తియ్యొచ్చా, విడిగా లాగాలా?

కేకే లైన్:
మా మోడల్ రైల్వే స్టేషన్ బల్ల గురించి ఇక్కడ చాలామందికి తెలుసు. మన వైజాగ్ స్టేషన్ లాగే కట్టుకున్నాం. హౌరా–చెన్నై దారిలో స్టేషన్లోకొచ్చిన బండి వచ్చిన వైపుకే తిరిగి బయల్దేరాలి. ఇంజను విప్పాలి, పక్క లైన్లోంచి రెండో కొసకి తేవాలి, మళ్లీ తగిలించాలి. అందుకే అంత చిన్న జాగాలో బండిని లైను మార్చే పాయింట్లు 11. డికోడరు (ఆర్డరు చదివే చిప్పు) లోపలే ఉన్న డిజిటల్ మోటార్లు తెప్పించి మొన్న ఆదివారం అన్నిటికీ బిగించాను. పట్టాలకి కరెంటూ ఆర్డర్లూ కలిపి తీసుకెళ్లే డీసీసీ (డిజిటల్ కంట్రోల్) వైర్ల జతకే మోటారు రెండు వైర్లూ కలిపాను. మోటారు మీది చిన్న స్విచ్చిని "సెట్" వైపు జరిపి, హ్యాండ్‌సెట్లో ఆ పాయింటు నంబరు నొక్కి, మళ్లీ "రన్" వైపు జరిపితే నంబరు గుర్తుండిపోతుంది. సాయంత్రానికి 11 తిరిగాయి.

దొండపర్తి మాస్టారు మాత్రం మోటార్లకి విడిగా ఇంకో జత లాగాలంటున్నారు. ఉన్న వైర్లు చాలవా? మీరేం చేశారో చెప్పండి.

దొండపర్తి క్యాబిన్:
బాబూ, ఎందుకో చెప్తాను విను. మన పాయింట్లన్నీ ఎలక్ట్రోఫ్రాగ్. ఫ్రాగులో, అంటే రెండు పట్టాలు కలిసే మొనలో, కరెంటు ఉంటుంది, పాయింటు తిరిగినప్పుడల్లా దాని పోలారిటీ మారుతుంది. తనకి ఎదురు వైపు పెట్టి ఉన్న పాయింటు మీదికి ఇంజను వెనక నుంచి ఎక్కిందనుకో. చక్రం ఫ్రాగు దగ్గరికి రాగానే షార్టు. బూస్టరు, అంటే పట్టాలకి కరెంటిచ్చే పెట్టె, ట్రిప్పవుతుంది. ఆ షార్టు పోవాలంటే పాయింటు తిప్పాలి. పాయింటు తిప్పాలంటే మోటారుకి కరెంటు కావాలి. ఆ కరెంటు ఇప్పుడే పోయిన పట్టాల్లోంచే కదా రావాలి! ఇంక ఇంజన్ని చేత్తో ఎత్తడం తప్ప దారి లేదు.

గాజువాక సోల్డర్:
పట్టాలకెళ్లే దారిలో ఒక సర్క్యూట్ బ్రేకరు పెట్టి, మోటార్ల జత బ్రేకరుకి ముందు నుంచి తీయండి. షార్టయితే పట్టాలు ఆగుతాయి, మోటార్లు బతికే ఉంటాయి. రెండో బూస్టరు అక్కర్లేదు.

కేకే లైన్:
మాస్టారూ, ఆరు నెలల్లో అలా ఎన్నిసార్లయింది? రెండుసార్లు. రెండుసార్లూ నడిపినవాళ్లు పాయింటు చూసుకోలేదు. ఇవి కొసకి చేరి ఆగిపోయినా పాడవని స్టాల్ మోటార్లు, తీసుకునే కరెంటు మిల్లీఆంపియర్లలో. మెల్లగా, అసలు పాయింటులా తిరుగుతాయి. రెండుసార్లు జరిగిన దానికి బల్లంతా బోర్లా తిప్పి కొత్త వైర్లు లాగమంటారా?

మర్రిపాలెం షెడ్:
నేను 9 గ్రాముల సర్వోలు (చెప్పినంతే తిరిగే చిన్న మోటార్లు) పెట్టాను. ధర తక్కువ, ఎంత జరగాలో అంతే జరిగేలా పెట్టుకోవచ్చు. కానీ ఒకటి చెప్పాలి. పవర్ వెయ్యగానే నాది ఒక్కసారి అదిరి, పాయింటులో కదిలే పట్టాల్ని కలిపే టై బారుని ఊడబీకేసింది. నెలంతా వెతికి తెచ్చుకున్న పాయింటది. అప్పట్నుంచి ముందు బోర్డుకి, రెండు సెకన్లాగి సర్వోలకి పవర్ ఇస్తున్నాను.

సింహాచలం నార్త్:
నాకింకో చిక్కుంది. నేను 1 నొక్కితే 5 తిరుగుతోంది. మోటారు పోయిందా?

గాజువాక సోల్డర్:
పోలేదండి. డీసీసీలో పాయింట్ల నంబర్లు నాలుగేసి ఒక గుంపుగా వెళ్తాయి. కొన్ని సిస్టమ్‌లు మొదటి గుంపుని 0 అంటాయి, కొన్ని 1 అంటాయి. అందుకే సరిగ్గా 4 తేడా వస్తుంది. మీ హ్యాండ్‌సెట్ సెట్టింగ్స్‌లో చూడండి.

దొండపర్తి క్యాబిన్:
రెండుసార్లే కదా అంటే ఎలా? అసలు రైల్వేలో పాయింటు మెషీను 110 వోల్టుల డీసీ మీద నడుస్తుంది, ఇంజను 25 కిలోవోల్టుల మీద. దేని దారి దానిదే. ఇంకోటి. నేను రైల్వే క్యాబిన్లో ఉన్నప్పుడు లీవరు లాగగానే మా పని అయిపోయేది కాదు. టంగ్ రైలు (పాయింటులో కదిలే పట్టా) పూర్తిగా అంటుకుని లాకైందని డిటెక్షన్ వచ్చాకే సిగ్నల్ పడేది. నువ్వు పాయింట్లు తిప్పే ఫోన్లో ఏమవుతోంది? పాయింటు తిరిగినట్టు బొమ్మ మారుతుంది. అది నువ్వు ఇచ్చిన ఆర్డరు మాత్రమే. పాయింటు నిజంగా తిరిగిందో లేదో చెప్పే సమాచారం ఆ రెండు వైర్లలో వెనక్కి రాదు. మధ్యలో ఒక్క కంకర గింజ అడ్డుపడినా నీ బొమ్మ మారిపోయే ఉంటుంది.

పోర్టు లైను:
మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు. మన మోడళ్లు అసలుదానిలో 87వ వంతు కాబట్టి, 87తో భాగిస్తే 19 పైచిలుకు రావాలి. అందరం 16.5 మిల్లీమీటర్ల పట్టా మీద నడుపుతూ అసలు రైల్వే పద్ధతి గురించి వాదించుకుంటున్నాం.

కేకే లైన్:
పోర్టు గారూ, దానికి వేరే చర్చ పెట్టండి.
మాస్టారూ, కంకర గింజ లీవరుకీ అడ్డుపడుతుంది. మీకు డిజిటలంటేనే ఇష్టం లేదు, ఆ మాట చెప్పేస్తే పోయేది కదా. వైర్ల జత ఒక వంక.

దొండపర్తి క్యాబిన్:
అలాగే అనుకోండి. మీ నాలుగు ఇంజన్లలో డికోడర్లు సోల్డరు చేసింది ఎవరండీ? భూతద్దం పెట్టుకుని నేనే చేశాను. డిజిటలంటే ఇష్టం లేనివాడు చేసే పనేనా అది?

ఆ ఆదివారం నేను మేనకోడలి పెళ్లికి శ్రీకాకుళం వెళ్లాను. సోమవారం వచ్చి చూస్తే ఇదివరకు పాయింట్లు తిప్పిన నా 11 లీవర్లు అట్టపెట్టెలో ఉన్నాయి. రెండేళ్లు పట్టింది వాటికి. ఇత్తడి పట్టీ కోసి, ఆకురాయితో అరగదీసి, సైకిలు పుల్లలతో బల్ల కింద రాడ్లు వేశాను. 4 లాగితే 7 కదలకుండా ఇంటర్‌లాకింగ్ కూడా పెట్టాను. ఒక్క ఫోను చేసి అడిగారా మీరు?

సింహాచలం నార్త్:
మాస్టారు "మీరు" అంటున్నారంటే బాగా నొచ్చుకున్నారు.

కేకే లైన్:
అడగలేదు. తప్పే. పెళ్లిలో ఉన్నారు, ఎందుకు కదపడం అనుకున్నాను.

కానీ నా వైపు కూడా చూడండి. నాది నైటు డ్యూటీ. బల్ల దగ్గర నాకు దొరికేది తెల్లవారుజామున ఒక గంట. ఆ గంటలో మీరుండరు. లీవర్ల ఫ్రేము బల్లకి ఆ కొసన ఉంది, నేను ఇంజను చూస్తూ ఈ కొసన ఉండాలి. ఒక్కణ్ణీ ఒక్క బండి కూడా స్టేషన్లోకి తెచ్చి పంపలేను. వానాకాలంలో ఉప్పుగాలికి ఆ పుల్లలు తుప్పెక్కి 6, 9 బిగుసుకుపోయాయి, మీకూ తెలుసు. నూనె వేసి వేసి విసిగిపోయాను.

దొండపర్తి క్యాబిన్:
6, 9 బిగుసుకున్నాయంటే ఇత్తడి రాడ్లు వేసేవాణ్ణి.

నా బాధ పుల్లల గురించి కాదండి. ఇప్పుడు మీరు ఫోన్లో ఒక రూటు నొక్కుతారు, నాలుగు పాయింట్లు వాటంతటవే తిరుగుతాయి, బండి వచ్చేస్తుంది. మొన్న శనివారం గంటసేపు నేను కుర్చీలో కూర్చుని చూశాను. ఇదివరకు మీరు ఆ కొస నుంచి "మాస్టారూ, మూడో నంబరు" అని కేకేస్తే నేను లాగేవాణ్ణి. బెల్లు కొట్టేవాణ్ణి. ఇంజను అప్పుడు కదిలేది. క్యాబిన్లో 31 ఏళ్లు చేసినవాణ్ణి. ఆ బల్ల దగ్గర నాకున్న పని అదొక్కటే.

మర్రిపాలెం షెడ్:
ఇది మొదటే రాయాల్సింది మాస్టారూ. మూడు రోజుల్నుంచి వైర్ల గురించి చదువుతున్నాం.

గాజువాక సోల్డర్:
ఒక మాట చెప్పొచ్చా. మోటార్లు అలాగే ఉంచండి. లీవర్ల ఫ్రేము మళ్లీ బిగించి, రాడ్ల బదులు ఒక్కో లీవరు కింద మైక్రోస్విచ్ పెట్టండి. లీవరు లాగితే స్విచ్ పడుతుంది, చిన్న బోర్డొకటి దాన్ని చదివి పాయింటు నంబరు కమాండ్ స్టేషన్‌కి (డీసీసీ ఆర్డర్లు పంపే పెట్టెకి) పంపుతుంది. ఇంటర్‌లాకింగ్ ఎలా ఉన్నది అలాగే పనిచేస్తుంది. మీ మోటార్లలో అదనపు స్విచ్ కాంటాక్టు ఉంటే దానికో ఎల్‌ఈడీ కలపండి, మాస్టారి డిటెక్షన్ కూడా వస్తుంది. బ్రేకరు మాత్రం ఎలాగూ పెట్టాల్సిందే, అది మొదట్లోనే చెప్పాను.

దొండపర్తి క్యాబిన్:
లీవరు లాగితే ఫోన్లో కూడా మారుతుందా?

కేకే లైన్:
మారుతుంది. కానీ నేను ఫోన్లో మారిస్తే లీవరు కదలదు. రెండూ తేడాగా ఉండిపోతాయి.

దొండపర్తి క్యాబిన్:
అయితే నేనున్నప్పుడు ఫోను ముట్టుకోకూడదు.

కేకే లైన్:
ముట్టుకోను. తెల్లవారుజామున నేనొక్కణ్ణే ఉన్నప్పుడు ఫోన్లోనే నడుపుతాను. వెళ్లేముందు అన్ని పాయింట్లూ మీ లీవర్లు ఎలా ఉంటే అలా పెట్టి వెళ్తాను. బ్రేకరు ఈ వారమే తెస్తాను, మోటార్ల జత దాని ముందు నుంచి లాగుదాం.

దొండపర్తి క్యాబిన్:
సరే బాబూ. అట్టపెట్టెలో 7వ లీవరు పిన్ను కనపడలేదు. ఇత్తడిది, చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఆదివారం నేనొచ్చేలోపు బల్ల కింద వెతికి ఉంచు.