పిల్ల సెషన్‌లో చెప్పింది పెంచుతున్న అమ్మకి చెప్పాలా, వద్దా?

నీలిగొడుగు:
నేను చైల్డ్ సైకాలజిస్ట్‌ని, తొమ్మిదేళ్ళుగా ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లలతోనే పని, అంటే సొంత ఇంట్లో ఉండే వీల్లేక వేరే కుటుంబాల దగ్గర పెరుగుతున్నవాళ్ళు. సొంత ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్ళు, పట్టించుకునే దిక్కు లేక ఆకలితో ఉండిపోయినవాళ్ళు, ఆ వయసులో చూడకూడనివి చూసినవాళ్ళు. నిన్న ఒక ఫోస్టర్ తల్లి గుమ్మంలోనే ఆపేసి "ఇవాళ ఏం చెప్పింది నీకు" అని అడిగింది. నేను ఎప్పటిలాగే "బాగానే మాట్లాడుకున్నాం, ఈ వారం కాస్త నిద్ర చెడొచ్చు, చూసుకోండి" అన్నా. ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది. "వాతావరణ వార్తలు చదివినట్టు చెప్తావేంటి" అంది. ఇంటికొచ్చినా ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. నా నమ్మకం ఏంటంటే, పిల్లకి హాని ఉన్న విషయమైతే తప్ప పిల్ల చెప్పింది పిల్లదే. ఇక్కడ పెంచేవాళ్ళు, పెరిగినవాళ్ళు ఇద్దరూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా, మీరేమంటారు?

రెండోఅమ్మ:
ఆ గుమ్మంలో ఆపినావిడ నేను కాదు గానీ నేనైనా అదే చేసేదాన్ని. వారానికి 168 గంటలు. అందులో మీది ఒక గంట, మిగతా 167 నావి. మీ గదిలోంచి బాగానే వస్తుంది, కార్లో కూర్చున్నాక ఇక మాట ఉండదు, రాత్రి రెండింటికి కేకలు, పొద్దున చూస్తే పక్క తడి, దిండు కింద ఎండిపోయిన బ్రెడ్డు ముక్కలు. మీరు ఏ పుండు కెలికారో తెలీకుండా నేను మందెక్కడ రాయాలి? ఇన్నేళ్ళలో అయిదుగురు పిల్లలొచ్చారు మా ఇంటికి, అయిదుగురి విషయంలోనూ నాకు చెప్పింది ఒకటే ముక్క, "ఓపిక పట్టండి".

ఊరికే_చదువుతా:
ఓపిక పట్టండి అనడానికి అంత చదువెందుకో

లెక్కల_మాస్టారు:
చిన్న సవరణ అమ్మా. 167 కాదు. పిల్లలకి రోజుకి పది గంటల నిద్ర అనుకుంటే వారానికి 70, స్కూలు ఒక 35, అవి తీసేస్తే మీకు మిగిలేది 62. ఇక అసలు సంగతికొస్తే, ఈ సెషన్ల వల్ల ఏం ఒరుగుతుంది అనేది నా ప్రశ్న. 2000లో రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో ఒక పరిశోధన మొదలైంది, ఆశ్రమాల్లో ఉన్న 136 మంది పసివాళ్ళని తీసుకుని చీటీలేసినట్టు సగం మందిని ఫోస్టర్ ఇళ్ళకి పంపారు, మిగతా సగం పాత ఏర్పాటులోనే. ఇళ్ళకెళ్ళినవాళ్ళు తెలివిలోనూ మనుషులకి దగ్గరవడంలోనూ ముందుకెళ్ళారు, రెండేళ్ళ లోపు వెళ్ళినవాళ్ళకి ఇంకా మేలు జరిగింది. అక్కడ పిల్లల్ని కుర్చీలో కూర్చోబెట్టి "ఇవాళ ఎలా ఉంది" అని ఎవరూ అడగలేదు. ఇల్లే మందు.

రెండోఅమ్మ:
మాస్టారూ, నిద్ర తీసేయాలా? మా ఇంట్లో అసలు డ్యూటీ మొదలయ్యేదే వాళ్ళు పడుకున్నాక.

నీలిగొడుగు:
మాస్టారు చెప్పిన పరిశోధన నిజమే, ఇల్లే పెద్ద మందు అన్నదీ ఒప్పుకుంటా. కానీ ఆ కుటుంబాలని పిల్లల్ని ఇచ్చేసి వదిలేయలేదు, సోషల్ వర్కర్లు తరచూ వెళ్ళి పక్కన నిలబడేవాళ్ళు, ఆ సోషల్ వర్కర్లకి వెనక నుంచి సైకాలజిస్టుల సలహా ఉండేది.

రెండోఅమ్మ గారూ, మీరడిగింది పూర్తిగా తప్పని నేను అనట్లేదు. టీఎఫ్-సీబీటీ అని ట్రామా, అంటే మనసుకి పెద్ద దెబ్బ తగిలిన పిల్లల కోసమే ఉన్న చికిత్స పద్ధతి ఉంది, మామూలుగా 12 నుంచి 16 సెషన్లు, అందులో పిల్లతో ఎంత సేపో పెంచేవాళ్ళతోనూ దాదాపు అంత సేపు కూర్చుంటాం. పిల్ల తనకి జరిగింది కొంచెం కొంచెంగా రాసుకుంటుంది, చివర్లో ముగ్గురం కూర్చున్నప్పుడు తనే చదివి వినిపిస్తుంది. చెప్పేది పిల్ల, నేను కాదు, నా పట్టుదలంతా అక్కడే. దిండు కింద బ్రెడ్డు గురించి మాత్రం నా దగ్గర రహస్యమేం లేదు. తాళాలు వేయకండి, తిట్టకండి, తనకంటూ ఒక డబ్బా పెట్టి అది ఎప్పుడూ ఖాళీ అవకుండా చూడండి. రేపు కూడా ఉంటుందని ఒంటికి నమ్మకం కుదరాలి, దానికి నెలలు పడుతుంది.

రెండోఅమ్మ:
డబ్బా ఎప్పుడో పెట్టా. అది నాకు ఏ సైకాలజిస్టూ చెప్పలేదు, మా రెండో పిల్లాడు నేర్పాడు.

పెద్దతలకాయ:
ఇన్ని మాటలెందుకు, మొండికేసిన పిల్లని గట్టిగా పట్టుకుని కోపమంతా కక్కేసేదాకా వదలకూడదు, కక్కాక ఒళ్ళో వాలిపోతారు. ఎక్కడో చదివా, పెద్ద థెరపీ అంట.

నీలిగొడుగు:
పెద్దతలకాయ గారూ, ఈ ఒక్క విషయంలో మర్యాద పక్కనపెడతా. దయచేసి ఇంకెక్కడా ఇది రాయకండి. 2000లో అమెరికాలోని కొలరాడోలో "అనుబంధం కుదరడానికి" అని ఒక పదేళ్ళ పాపని గుడ్డలో చుట్టి పైన ఒత్తిపెట్టారు, ఊపిరాడట్లేదని పాప చెప్తున్నా వదల్లేదు, చనిపోయింది. ఆ తర్వాత అక్కడ ఆ రకం పద్ధతిని నిషేధిస్తూ చట్టం తెచ్చారు. కొట్టిన చేతుల్ని గుర్తుపెట్టుకున్న ఒంటికి బలవంతంగా పట్టుకోవడం అంటే మళ్ళీ అదే. ఒళ్ళో వాలిపోవడం ప్రేమ కాదు, పిల్ల ఓడిపోయి ఊరుకోవడం.

పెద్దతలకాయ:
సరే సరే, ఏదో అన్నా

మూడోఇల్లు:
నేను ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని. ఆరేళ్ళప్పటి నుంచి పద్దెనిమిది దాకా నాలుగు ఇళ్ళు, నలుగురు సైకాలజిస్టులు, ఒక్కొక్కళ్ళకీ మొదట్నుంచి మళ్ళీ అదే కథ. మూడో ఆవిడ మంచిది, నమ్మాను, ఒక విషయం చెప్పా. ఆ వారమే రాత్రి భోజనాల దగ్గర మా ఫోస్టర్ తల్లి "నువ్వు ఇలా అన్నావట కదా" అంది, కోప్పడలేదు, జాలిగా అంది, అందరి ముందు. ఆ ముద్ద మింగడానికి ఎంత సేపు పట్టిందో నాకింకా గుర్తే. తర్వాత రెండేళ్ళు నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు, సెషన్‌లో బొమ్మలు గీసేదాన్ని, ఇల్లు, చెట్టు, సూర్యుడు, వాళ్ళకి నచ్చేవి. కాబట్టి నా ఓటు చెప్పకూడదు అనే.

రెండోఅమ్మ:
ఆవిడెవరో అందరి ముందు అనడం తప్పు, అది ఆవిడ తప్పు, దానికి నన్నెందుకు శిక్షిస్తారు? నాకు చెప్తే నేను భోజనాల దగ్గర అంటానా?

మూడోఇల్లు:
మీరు అనరేమో. కానీ మీరు నన్ను చూసే చూపు మారుతుంది. మాకు చూపులు చదవడం వచ్చు, అదొక్కటే బాగా వచ్చు మాకు, గదిలోకి ఎవరొచ్చినా ముందు మొహం చూస్తాం, తర్వాత చేతులు, తర్వాత తలుపు ఎంత దూరంలో ఉందో.

లెక్కల_మాస్టారు:
నలుగురు సైకాలజిస్టులు పన్నెండేళ్ళలో, అంటే సగటున మూడేళ్ళకొకరు. ఇది మరీ అన్యాయం కాదే.

మూడోఇల్లు:
సగటు కాదు మాస్టారూ. ఒకావిడ ఏడు వారాలు.

ఊరికే_చదువుతా:
మాస్టారు ఈసారి లెక్క ఆపితే బాగుండు

నీలిగొడుగు:
ఆ ఏడు వారాలావిడ తరఫున నేను మాట్లాడలేను. కానీ ఈ పనిలో మనుషులు నిలవకపోవడానికి కారణం ఉంది. రోజూ ఇవే వింటే అవి మనలోకీ ఇంకుతాయి. నాకూ మూడో ఏడాది నిద్రలో పిల్లల మాటలే, ఇంటి ముందు కారాపి పది నిమిషాలు లోపలికి వెళ్ళేదాన్ని కాదు. పైన ఎవరో సీనియర్ కూర్చోబెట్టి మన మాట వినే ఏర్పాటు ఉంటే నిలుస్తాం, లేకపోతే కేసుల మీద కేసులు పడేసి వదిలేస్తారు.

రెండోఅమ్మ:
మీకు వినేవాళ్ళు కావాలి, సరే. మాకు? నాకు పది నిమిషాలు కారు లేదు. ఆ పిల్ల కారులోనే ఉంటుంది.

ఇంతసేపూ చెప్పాలా వద్దా అని ఆగాను, చెప్పేస్తా. నా నాలుగో పిల్ల, ఏడేళ్ళది, నా దగ్గర పద్నాలుగు నెలలు ఉంది. ఒకరోజు వచ్చి తీసుకెళ్ళిపోయారు. ఎందుకంటే సైకాలజిస్ట్ రిపోర్ట్‌లో "ప్రస్తుత ఇంట్లో భద్రంగా అనిపించడం లేదని చెప్పింది" అని ఉందట, కేస్ వర్కర్ (పిల్లని ఏ ఇంట్లో ఉంచాలో చూసే ఆఫీసు మనిషి) చేతిలో కాగితం తిప్పి చూస్తే కనపడింది ఆ లైను. తర్వాత బతిమాలి కనుక్కుంటే తేలిందేంటి? రాత్రిళ్ళు అడుగుల చప్పుడంటే భయం అంది. మా ఆయన షిఫ్ట్ అయ్యి మూడింటికి ఇంటికొస్తాడు. అంతే. అడుగుల చప్పుడు. వాళ్ళ పాత ఇంట్లో ఆ చప్పుడుకి అర్థం వేరు. నాకు ఒక్క ముక్క చెప్పి ఉంటే హాల్లో లైటు వేసేదాన్ని, వచ్చేముందు తలుపు బయటి నుంచే మాట్లాడమనేదాన్ని, అవసరమైతే ఆయన్ని ఆర్నెల్లు వేరే చోట పడుకోమనేదాన్ని. నా దగ్గర దాచారు. ఆఫీసు దగ్గర దాచలేదు. నాకు చెప్పరు, ఫైలుకి చెప్తారు. ఇదేం రహస్యమండీ మీది?

ఊరికే_చదువుతా:
...

మూడోఇల్లు:
ఆంటీ (అంటే ఏమనుకోకండి), నేను ఆ మూడో ఆవిడకి చెప్పింది కూడా "భయమేస్తోంది" అనే. భోజనాల దగ్గర ఆ మాట వచ్చిన నెలకే నన్ను నాలుగో ఇంటికి పంపారు. భయమంటే పంపేస్తారని తెలిస్తే అనేదాన్నే కాదు. ఆ ఇంట్లో ఉండాలనే ఉండింది నాకు. ఇది ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు.

నీలిగొడుగు గారూ, ఒకటి అడుగుతా సూటిగా చెప్పండి. పిల్లతో కూర్చునేదీ ఆ రిపోర్ట్ రాసేదీ మీ దగ్గర ఒకే మనిషా?

నీలిగొడుగు:
ఒకే మనిషి. నేనే. వేరువేరుగా ఉండాలని చదువుకున్నాం, ఉండాలి కూడా, కానీ మా దగ్గర అంతమంది లేరు.

మొదటి రోజే పిల్లలకి చెప్తానండి, "నీకు ప్రమాదం ఉందనిపిస్తే పెద్దవాళ్ళకి చెప్పాల్సి వస్తుంది" అని.

రెండోఅమ్మ:
ఏడేళ్ళ పిల్లకి ఆ వాక్యం అర్థమవుతుందా? పెద్దవాళ్ళంటే ఎవరు? దానికి తెలిసిన పెద్దవాళ్ళు నేనూ మా ఆయనా. మాకు చెప్పలేదే.

మోడరేటర్:
కేసు వివరాలు ఇంతకన్నా లోతుగా వద్దు, పిల్లలెవరో గుర్తుపట్టే వీలుండకూడదు. చర్చ కొనసాగించండి.

లెక్కల_మాస్టారు:
అమ్మా, 62 అన్నది వెనక్కి తీసుకుంటున్నా.

నీలిగొడుగు:
నిన్న రాత్రి నుంచి మీ ఇద్దరి పోస్టులూ చదువుతూనే ఉన్నా. గుమ్మం దగ్గర ఆవిడకి చెప్పకపోవడం సరే అనే ఇప్పటికీ అంటా, పిల్ల ఒప్పుకోకుండా నోరు విప్పను. కానీ రిపోర్ట్ మాట నేను మొదటి పోస్టులో రాయలేదు, నాకు తట్టనేలేదు, అదీ నిజం. పిల్లలకి చెప్పే వాక్యం మారుస్తున్నా, చూసి చెప్పండి: "నువ్వు చెప్పినదాంట్లో కొంత నేను ఒక కాగితం మీద రాయాల్సి రావచ్చు, నువ్వు ఎక్కడుండాలో నిర్ణయించేవాళ్ళు అది చదవొచ్చు. రాసేముందు నీకు చూపిస్తాను. ఇంట్లో అమ్మకి కూడా చెప్పాలంటే ఇద్దరం కలిసి చెబుదాం."

మూడోఇల్లు:
"రావచ్చు", "చదవొచ్చు" తీసేయండి. రాస్తాను, చదువుతారు అనండి. అప్పుడు ఏం చెప్పాలో పిల్లే చూసుకుంటుంది.

నీలిగొడుగు:
అలా అంటే కొందరు అసలు నోరే విప్పరు.

మూడోఇల్లు:
విప్పరు.

రెండోఅమ్మ:
నా నాలుగో పిల్ల ఇప్పుడెక్కడుందో నాకు చెప్పరు. అడిగితే గోప్యం అంటారు. హాల్లో లైటు మాత్రం పెట్టించా, ఇప్పుడున్న బాబుకి వెలుతురుంటే నిద్ర పట్టదు, అయినా తీయబుద్ధి కావట్లేదు.