రెజ్యూమె కోసం పంపే పుల్ రిక్వెస్టులను ప్రాజెక్టులు స్వీకరించాలా?

గోదారి_లైనక్స్:
2024 ఫిబ్రవరిలో ఎక్స్‌ప్రెస్ జేఎస్ అనే ఓపెన్ సోర్స్ (కోడు అందరికీ తెరిచి ఉండే) వెబ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు, దాన్ని పరిచయం చేసే రీడ్‌మి ఫైలులో తమ పేరు చేర్చడం తప్ప మరే మార్పూ లేని పుల్ రిక్వెస్టులు (మా మార్పును చేర్చుకోండని పంపే అభ్యర్థనలు) వెల్లువెత్తాయి. కోడును పంచుకునే గిట్‌హబ్ సైటు వాడకాన్ని నేర్పే వీడియో పాఠంలో చూపినదాన్ని ప్రాజెక్టు అసలు రిపోజిటరీ (కోడు నిల్వ)పైనే ప్రయోగించినవారిలో మన దేశపు విద్యార్థులు చాలామంది ఉన్నారు. కొత్తవారి నుంచి ఇటువంటి చిల్లర మార్పులను స్వీకరించడం పూర్తిగా మానేయాలని నా అభిప్రాయం.

పాఠక్_డెవ్:
మీ వాదనతో నేను ఏకీభవించలేను. పత్రాల్లోని అక్షరదోషాన్ని సరిదిద్దడం కూడా పనే. 2020లో, ఓపెన్ సోర్స్‌కు తోడ్పడేవారిని ప్రోత్సహించే హ్యాక్టోబర్‌ఫెస్ట్ కార్యక్రమంలో నాలుగు పుల్ రిక్వెస్టులకు ఒక టీషర్టు ఇస్తామన్నందుకే చెత్త వచ్చిపడింది; సమ్మతి తెలిపిన ప్రాజెక్టులకు పంపినవే లెక్కకు వస్తాయని నిర్వాహకులు ఆ అక్టోబరులోనే నియమం మార్చారు. తప్పు బహుమతిదైతే శిక్ష కొత్తవారికెందుకు?

పాత_ప్యాచ్:
బహుమతి తీసేసినా రివ్యూ చేసేవారి సమయం పెరగదు కదా. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ సాఫ్ట్‌వేర్ ఉదంతాన్ని గుర్తుచేసుకోండి. దాదాపు ఒంటరిగా, జీతం లేకుండా ఆ ప్రాజెక్టును మోస్తూ అలసిపోయిన మెయింటైనర్‌పై (ప్రాజెక్టు నిర్వాహకుడిపై), బాధ్యతను మరొకరితో పంచుకోమని కొన్ని ఖాతాలు ఒత్తిడి తెచ్చాయి. పనికొచ్చే ప్యాచ్‌లు (కోడు సవరణలు) పంపి నమ్మకం సంపాదించిన ఒక మారుపేరు వ్యక్తి చేతికి అధికారాలు వెళ్లాయి. ఆ తర్వాతే 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి (బయటివారు రహస్యంగా చొరబడే కోడు) చేరింది. దూరపు కంప్యూటర్‌లోకి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌లో అర సెకను ఆలస్యాన్ని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు అనుమానించి తవ్వడం వల్ల 2024 మార్చిలో అది బయటపడింది. ప్యాచ్ పెద్దదా చిన్నదా అన్న తూకం అక్కడ ఎవరినీ కాపాడలేదని గమనించాలి. కాబట్టి నేను అడిగేది ఒక్కటే: మీరు పంపినది మెయింటైనర్ భారాన్ని తగ్గించిందా, పెంచిందా? ఎవరో నమోదు చేసిన బగ్‌ను (సాఫ్ట్‌వేర్ లోపాన్ని) తన యంత్రంలో పునరావృతం చేసి, ఏ వెర్షన్‌లో వస్తోందో, ఏ వెర్షన్‌లో రావడం లేదో రాసిపెట్టిన విద్యార్థి ఒక్క లైను కోడు రాయకపోయినా భారాన్ని తగ్గించినట్టే. తెలుగు అనువాదాలకూ ఇదే వర్తిస్తుంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ను రూపొందించే మొజిల్లా వారి పాంటూన్ అనే అనువాద వేదికలో కొత్తవారి సూచనలు, అనుమతి ఉన్నవారు పరిశీలించేదాకా వేచి ఉండాల్సిందే; అటువంటి చోట మరిన్ని సూచనలను గుప్పించడం కన్నా ఓపికగా పనిచేసి పరిశీలకుల స్థాయికి ఎదిగే మనిషి అవసరం ఎక్కువ. (రెజ్యూమెలో రాసుకోవడానికీ అదే గట్టిగా నిలుస్తుంది.)

పాఠక్_డెవ్:
పాత_ప్యాచ్ గారూ, బగ్ ఏ వెర్షన్‌లో మొదలైందో తేల్చాలంటే ఫైర్‌ఫాక్స్ వంటి ప్రాజెక్టును పదేపదే కంపైల్ చేయాలి (కోడు నుంచి నడిచే ప్రోగ్రామును తయారుచేయాలి). జిల్లా కాలేజీ విద్యార్థి మామూలు ల్యాప్‌టాప్‌తో అది సాధ్యమా?

పాత_ప్యాచ్:
కంపైల్ చేయనక్కరలేదండీ. మోజ్‌రిగ్రెషన్ అనే పరికరం ముందే తయారై ఉన్న బిల్డ్‌లను (నడిపేందుకు సిద్ధమైన వెర్షన్లను) దించి, ప్రతిసారీ బగ్ కనిపించిందా లేదా అని అడుగుతూ, వెతకాల్సిన కాలవ్యవధిని సగానికి సగం తగ్గించుకుంటూ పోతుంది. పైథాన్, ఓ మోస్తరు ఇంటర్నెట్ ఉంటే చాలు.

గోదారి_లైనక్స్:
అలాగైతే బగ్‌ను పునరావృతం చేసి రాసిపెట్టే పద్ధతిని ప్రతి ప్రాజెక్టూ, ఎలా తోడ్పడాలో చెప్పే తన కాంట్రిబ్యూటింగ్ ఫైలులో మొదటి పేరాలోనే రాయాలి. అది చదవకుండా పంపినవాటిని వివరణ ఇవ్వకుండానే మూసివేసే హక్కు మాత్రం మెయింటైనర్‌కు ఉండాలి. దానిపై నేను వెనక్కి తగ్గను.