నిరుడు ఫ్లూ టీకా వేయించుకున్నా జ్వరం వచ్చింది, మళ్లీ ఎందుకు?

సందేహాలరాయుడు:
నిరుడు ఫ్లూ టీకా వేయించుకున్నాను. అయినా రెండు నెలలు తిరక్కుండానే జలుబు, దగ్గు, జ్వరం వరసపెట్టి వచ్చాయి. ఇప్పుడు మళ్లీ సీజన్ వస్తోంది, మళ్లీ వేయించుకోమని ఇంట్లో ఒకటే పోరు. పనిచేయని దాన్ని ఏటా ఎందుకు పొడిపించుకోవాలి? పైగా టీకా వల్లే ఫ్లూ వస్తుందని ఆఫీసులో ఒకాయన గట్టిగా చెబుతున్నాడు. నాకు 34, ఏ జబ్బూ లేదు. నాన్నకి 68, షుగర్ ఉంది. చెల్లి, తన నాలుగు నెలల పాప కూడా మాతోనే ఉన్నారు. పాపకీ వేయించాలా?

నీలిమేఘం:
మీకు వచ్చింది ఫ్లూ అని పరీక్షలో తేలిందా అండి? జలుబు తెప్పించే వైరస్‌లు రెండొందలకు పైనే ఉన్నాయి, ఈ టీకా ఇన్‌ఫ్లుయెంజా, అంటే ఫ్లూ వైరస్ ఒక్కదానికే.

సరే, ఫ్లూయే అనుకుందాం. టీకాలోని రకాలు, బయట తిరుగుతున్న రకాలు బాగా కుదిరిన ఏడాది కూడా డాక్టర్ దగ్గరికి పరిగెత్తించే ఫ్లూని అది 40 నుంచి 60 శాతమే తగ్గిస్తుంది. ఇంతేనా అనిపిస్తుంది, నిజమే, గొప్ప మార్కులేం కాదు. కానీ టీకా వేసుకున్నాక కూడా ఫ్లూ వచ్చినవాళ్లలో ఐసీయూ దాకా వెళ్లేవాళ్లు తక్కువ, అసలు లెక్క చూడాల్సింది అక్కడ. ఫ్లూతో వచ్చే శ్వాస సమస్యల వల్ల ప్రపంచంలో ఏటా 2,90,000 నుంచి 6,50,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఊపిరితిత్తులతోనే ఆగదు కూడా, ఫ్లూ సోకిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు దాదాపు ఆరు రెట్లు పెరుగుతుందని 2018లో కెనడా పరిశోధకులు చూపించారు. మీ నాన్నగారి వయసులో, అందులోనూ షుగర్‌తో, ఇది వాయిదా వేసే విషయం కాదు.

ఏటా ఎందుకంటే, వైరస్ పైనుండే ప్రొటీన్లు కొద్దికొద్దిగా మారిపోతూ ఉంటాయి, పాత యాంటీబాడీలు దాన్ని సరిగా గుర్తుపట్టలేవు. టీకా ఇచ్చిన రక్షణ కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే టీకాలో ఏ రకాలు పెట్టాలో ప్రపంచ ఆరోగ్య సంస్థవాళ్లు ఏటా రెండుసార్లు, ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబర్‌లో చెబుతారు. బీ యమగాటా అనే రకం 2020 మార్చి తర్వాత కనబడకపోయేసరికి దాన్ని టీకాలోంచి తీసేయమన్నారు కూడా.

పాతకాపు:
నేను జన్మలో వేసుకోలేదు. ఏమీ కాలేదు. ఇదంతా కంపెనీల వ్యాపారం.

గోరింట:
@పాతకాపు గారూ, మీకేం కాకపోవడం మంచిదే. కానీ ఒంట్లో పెద్దగా నలత లేకుండానే వైరస్‌ని పక్కవాళ్లకి అంటించొచ్చు, లక్షణాలు కనబడటానికి ఒక రోజు ముందు నుంచే అంటించొచ్చు.

@సందేహాలరాయుడు, మీ ఇంటికి సంబంధించి నేను చెప్పేది ఇదే. ఆరు నెలలు నిండని పిల్లలకి ఫ్లూ టీకా ఇవ్వరు. అంటే ఈ సీజన్‌లో ఇప్పటికిప్పుడు పాపని కాపాడేది మీరు, మీ చెల్లి, ఇంట్లో మిగతావాళ్లు వేయించుకునే టీకాయే. పాలిచ్చే తల్లి నిశ్చింతగా వేయించుకోవచ్చు. గర్భంతో ఉన్నప్పుడే వేయించుకుని ఉంటే యాంటీబాడీలు కొన్ని బిడ్డకి అంది ఉంటాయి, అడిగి చూడండి. పాపకి ఆరు నెలలు నిండాక మొదటిసారి కాబట్టి రెండు డోసులు, మధ్యలో కనీసం నాలుగు వారాలు.

ఇక మీ ఆఫీసాయన మాట. సూదితో ఇచ్చే టీకాలో బతికున్న వైరస్ ఉండదు, దానివల్ల ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, కాస్త జ్వరం, ఒళ్లు నొప్పులు ఒకట్రెండు రోజులు ఉంటే ఉంటాయి. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది, ఆలోపు ఫ్లూ అంటుకుంటే నింద టీకా మీద పడుతుంది, అంతే.

సందేహాలరాయుడు:
అప్పుడు పరీక్షేమీ చేయించలేదండి, డాక్టర్ వైరల్ ఫీవర్ అని మాత్రలిచ్చారు. నాన్నకి ఇప్పుడు కొంచెం ముక్కు కారుతోంది, తగ్గేదాకా ఆగాలా?

నీలిమేఘం:
జ్వరం లేకుండా ఉత్త జలుబే అయితే ఆగక్కర్లేదు. జ్వరం గట్టిగా ఉంటే తగ్గాక వెళ్లండి. ఇంతకుముందు ఏ టీకాకైనా తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే మాత్రం డాక్టర్‌కి ముందే చెప్పండి. ముక్కులో కొట్టే స్ప్రే టీకా ఆయనకి వద్దు, అందులో బలహీనపరిచిన వైరస్ ఉంటుంది, ఆ వయసువాళ్లకి ఇవ్వరు. సూదే వేయించండి, పనిలో పనిగా మీరూ అప్పుడే వేయించుకుంటే మళ్లీ ఇంకోసారి తిరగక్కర్లేదు.