గాజు మొన చెక్కేటప్పుడు పెచ్చు మధ్యలోనే విరుగుతోంది, ఎలా సరిచేయాలి?

తిరుపతిలో రాతి పనిముట్ల చెక్కుడు నేర్చుకుంటున్నాను. గాజు సీసా అడుగు ముక్క, 5–6 మి.మీ. మందం, చెక్క పిడిలో బిగించిన 4 మి.మీ. రాగి తీగ, అరచేతిలో మందపాటి తోలు. అంచును సానరాయితో గరుకు చేశాకే రాగితో నొక్కి పెచ్చు (పల్చటి ముక్క) లేపుతున్నా, లేకపోతే రాగి జారుతుంది, పల్చటి అంచు పొడైపోతుంది.

అయినా పెచ్చు 7, 8 మి.మీ. సాగి మెట్టులా విరిగి ఆగుతోంది. ఒకసారి మెట్టు పడితే తర్వాతి పెచ్చూ అక్కడే ఆగి, మధ్యలో దిబ్బ మిగులుతుంది. పెచ్చు ఉబ్బు వెంట సాగుతుంది, గుంటలో ఆగుతుంది. సీసా లోపలివైపు గుంటే కారణమా? లేక లోపలికి తోయకుండా త్వరగా కిందికి వంచుతున్నానా? ఆ దిబ్బను ఎదుటి అంచు నుంచి తీయవచ్చా?

ఇక రాయి. చిత్తూరు గ్రానైట్ గింజ ముతక, పదునుగా చీలదు. శేషాచలం క్వార్ట్‌జైట్ (గట్టిపడిన ఇసుకరాయి) పనికొస్తుంది గానీ అడవిలోంచి తేకూడదు. సన్నగింజ చెర్ట్ (చెకుముకి లాంటి రాయి) న్యాయంగా ఎక్కడ కొనవచ్చు?

కళ్లద్దాలు పెట్టుకుని, ఆరుబయటే చేస్తున్నా. చెక్కేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పెచ్చులన్నీ గోనెపట్టా మీద పట్టి డబ్బాలో వేస్తున్నా. రేణిగుంట పరిసరాల్లో నిజమైన పాతరాతియుగం పనిముట్లు దొరికాయి, మన చెత్త వాటిలో కలవకూడదు.